రెండు ఒడ్లు, రెండు రూపాయలు: నోట్ల ముద్రణ, ధరలు, వర్తకుడి నిల్వ సొమ్ము

సర్కారు నోట్లు అచ్చు వేసి బజారులో పోస్తున్నది, ఇక రూపాయికి విలువ ఏం మిగులుతుంది అన్న మాట ఖమ్మం మార్కెట్ యార్డుకు కొత్తది కాదు. 1974లో అన్నారు, 1991లో అన్నారు, 2020లో కరోనా నాడూ అన్నారు. జెండా పాటకు ముందు టీ కొట్టు దగ్గర ఈ మాట వినని అడ్తీదారు ఉండడు. ఈ మాటలో కొంత నిజం ఉన్నది, కొంత పొరపాటు ఉన్నది. రెండింటినీ విడదీసి చూసుకోకపోతే నష్టపోయేది ఆ మాట అన్నవాడే. ఎందుకంటే ఆ భయంతో అతడు ఊరికే కూర్చోడు. బంగారం కొంటాడు, సరుకు నింపుతాడు, నూటికి రెండు వడ్డీకి నోటు రాయించుకుని అప్పిస్తాడు, లేదా అడవి అంచున ఎకరం చవకగా వస్తున్నదని బేరం కుదుర్చుకుంటాడు. వీటన్నిటికీ మన ప్రాంతంలోనే లెక్కలున్నాయి.

హాలీ, కల్దార్

నేటి తరం వర్తకులకు తెలియకపోవచ్చుగాని, భద్రాచలం దగ్గర గోదావరి ఒకప్పుడు రెండు డబ్బుల మధ్య ఎల్ల. ఇవతలి ఒడ్డున బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యంలోనివి. అక్కడ చెల్లేది ఉస్మానియా సిక్కా. జనం నోట హాలీ సిక్కా. అవతలి ఒడ్డున భద్రాచలం, నూగూరు తాలూకాలు మద్రాసు రాజధానిలో ఉండేవి. అక్కడ చెల్లేది బ్రిటిషు ఇండియా రూపాయి. మనవాళ్ళు కల్దార్ అనేవారు. సరుకు నది దాటితే కరోడ్‌గిరీ సుంకం, డబ్బు నది దాటితే బట్టా. ఆ రెండు తాలూకాలూ ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా రద్దయినదీ ఆ ఏడాదే.

అధికార మారకం ప్రకారం నూరు కల్దార్ రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. అనగా ఆరుకు ఏడు. ఈ వింత అంకె ఎక్కడిది? కల్దార్ రూపాయి తూకం 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి, అంటే 10.69 గ్రాములు. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు. వెయ్యి పాళ్ళకు 818 పాళ్ళు వెండి, అంటే సుమారు 9.14 గ్రాములు. మొదటి దానిని రెండవ దానితో భాగించి చూడండి: 1.17 వస్తుంది. ఆరుకు ఏడంటే అదే. బట్టా లెక్క వెండి లెక్కే. రాజముద్ర ఎవరిదైనా వర్తకుడు తూచింది లోహాన్ని.

ఇక్కడ ఒక చిన్న మాట. భద్రాచల రామదాసు పాల్వంచ పరగణా తహసీల్దారుగా వసూలు చేసిన సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ మనకు తెలిసిందే. ఆ బాకీ తీరడానికి తానీషాకు ముట్టినవి రామమాడలని కథ. దేవుడు కూడా బాకీని కాగితంతో తీర్చలేదని పాత వర్తకులు నవ్వుతూ అనుకోవచ్చు. కాని ఆ లోహపు నమ్మకానికీ ఒక హద్దు ఉన్నదని తరువాతి లెక్కలు చెబుతాయి.

యుద్ధం వచ్చింది. 1939 సెప్టెంబరులో బ్రిటిషు ఇండియాలో చలామణీ నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు. 1945 ముగిసేనాటికి 1,100 కోట్లు దాటాయి. ఆరేళ్ళలో ఆరు రెట్లు. ఎలాగంటే, బ్రిటిషు ప్రభుత్వం తన సైన్యాలకు ఇక్కడ గుడ్డ, ధాన్యం, కలప కొన్నది. ఖరీదును లండన్‌లో స్టెర్లింగు పద్దుగా రాసింది. ఆ పద్దును ఆస్తిగా చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు వేసి అమ్మకందార్లకు చెల్లించింది. సరుకు ఓడెక్కింది, నోట్లు ఊళ్ళో మిగిలాయి. 1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు. పాత ప్రమాణపు వెండి రూపాయలను తరువాతి మూడేళ్ళలో విడతలుగా చలామణీ నుంచి తీసివేశారు. నిజాం టంకశాల కూడా యుద్ధకాలంలోనే హాలీలో వెండిని సగానికి తగ్గించింది.

మరి బట్టా ఏమైంది? ఏమీ కాలేదు. ఆరుకు ఏడు అలాగే నిలిచింది. రెండు రూపాయలూ చెయ్యి చెయ్యి పట్టుకుని కిందికి దిగాయి గనుక ఒకదానితో ఒకటి పోల్చిన వర్తకుడికి తేడా కనబడలేదు. ఉప్పుతో, గుడ్డతో పోల్చిన ఇల్లాలికి వెంటనే కనబడింది. ఇవాళ డాలరు రేటు ఒక్కటే చూసి రూపాయి బాగున్నదనో బాగాలేదనో తీర్పు చెప్పేవాళ్ళు ఈ గోదావరి బట్టాను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నోటు ఎలా పుడుతుంది

రిజర్వు బ్యాంకు నోట్ల వెనుక అంతకంత బంగారం ఉంటుందన్న నమ్మకం ఇంకా కొందరిలో ఉన్నది. అది నిజం కాదు. 1957 సవరణ నుంచి చట్టం కోరేది మొత్తం 200 కోట్ల రూపాయల కనీస నిధి. అందులో 115 కోట్లు బంగారం. ఎన్ని లక్షల కోట్ల నోట్లు వేసినా ఆ కనీసం మారదు. మిగతా నోట్ల వెనుక ఉండేవి ప్రభుత్వ పత్రాలు, విదేశీ ఆస్తులు.

అసలు తలుపు తెరుచుకున్నది 1955లో. కేంద్ర ప్రభుత్వం నగదు నిల్వ 50 కోట్లకు దిగువకు జారినప్పుడల్లా రిజర్వు బ్యాంకు పేర ఎడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు తమంతట తామే పుట్టే ఏర్పాటు అది. ఖాతాదారు తన బాకీ చీటీ తానే రాసుకుని, తన గుమాస్తా చేత పెట్టె తాళం తీయించుకున్నట్టు. తాత్కాలికమని మొదలైనది నాలుగు దశాబ్దాలు నడిచింది. 1974 నుంచి ఆ బిల్లులపై వడ్డీ నూటికి 4.6 మాత్రమే. అదే ఏడాది టోకు ధరలు నూటికి 25 పెరుగుతుంటే, ఆ వడ్డీకి అప్పు దొరికే ఖాతాదారు పొదుపు ఎందుకు చేస్తాడు?

ఈ ఏర్పాటుకు 1997 ఏప్రిల్ 1న స్వస్తి పలికారు. దాని స్థానంలో హద్దు గల చేబదుళ్ళు వచ్చాయి. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం కొత్తగా అమ్మే బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనడానికి వీలు లేదు. అయితే బ్యాంకులు కొన్న బాండ్లను బజారులో తిరిగి కొనవచ్చు. 2021 ఏప్రిల్‌లో మొదటి మూడు నెలలకు లక్ష కోట్ల కొనుగోలు ప్రకటించింది ఆ దారినే. తలుపు మూసి కిటికీ తెరిచారని విమర్శకులు అంటారు. కిటికీకి కనీసం ఊచలున్నాయి అన్నది నా అభిప్రాయం: 2016 నుంచి ధరల పెరుగుదలను నూటికి 4 దగ్గర, 2 నుంచి 6 లోపల ఉంచడం రిజర్వు బ్యాంకుకు చట్టం పెట్టిన లక్ష్యం.

అన్ని ధరలూ నోట్ల వల్లనే పెరగవు

1973-74లో టోకు ధరలు నూటికి 20, మరుసటి ఏడాది 25 పెరిగాయి. నోట్ల ముద్రణే కారణమని తేల్చేస్తే సగం చెప్పినట్టే. 1971 యుద్ధం, శరణార్థుల ఖర్చు, 1972 కరువు, 1973 అక్టోబరు తరువాత పీపా మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దాకా ఎగసిన చమురు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1974 జూలైలో ప్రభుత్వం ఆర్డినెన్సులు తెచ్చింది: పెరిగిన జీతం మొత్తం, పెరిగిన కరువు భత్యంలో సగం నిర్బంధ డిపాజిట్, ఏటా 15,000 దాటిన ఆదాయంపై నిర్బంధ డిపాజిట్, డివిడెండుపై పరిమితి. బ్యాంకు రేటు 9కి పెరిగింది. 1975-76లో టోకు ధరలు పెరగకపోగా నూటికి ఒకటి తగ్గాయి. ధర ఇంకా ఎక్కుతుందని ఆఖరి మెట్టు మీద సరుకు నింపినవాడికి నెత్తిన దెబ్బ పడింది అప్పుడే.

మన మిర్చినే తీసుకోండి. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను ఊడ్చివేసింది. సరుకు తగ్గింది, ధర ఎక్కింది. దానికీ నోట్లకూ సంబంధం లేదు. ఒక్క సరుకు ధర పెరిగితే అది పంట కథ. ఉప్పు నుంచి హమాలీ కూలి దాకా అన్నీ కలిసి పెరిగితే అది డబ్బు కథ. ఈ తేడా తెలియని వర్తకుడు పురుగు తెచ్చిన ధరను ద్రవ్యోల్బణమనుకుని కోల్డు స్టోరేజి బాండ్లు పోగుచేస్తాడు, మరుసటి ఏడాది పురుగు తగ్గగానే చిక్కుకుంటాడు.

ఇంకొక అంకె. 2016 నవంబరులో చలామణీలో ఉన్న నోట్లు దాదాపు 18 లక్షల కోట్లు. 2024 మార్చి నాటికి 34 లక్షల కోట్లు దాటాయి. రెండింతలకు దగ్గర. అదే కాలంలో వినియోగ ధరల సూచీ పెరిగింది నూటికి నలభై పైచిలుకు మాత్రమే. వ్యాపారం పెరిగింది, జనం చేతిలో నగదు ఎక్కువగా ఉంచుకున్నారు. నోటు పెట్టెలో ఉంటే ధరను కదిలించదు, చేయి మారితేనే కదిలిస్తుంది.

సంతలో ఎవరి వంతు ఎప్పుడు

కొత్త డబ్బు వాన లాగా అందరి మీదా ఒకేసారి పడదు. కాలువ లాగా వస్తుంది. మొదట కాంట్రాక్టరుకు, ఉద్యోగికి, పట్నపు టోకు వర్తకుడికి అందుతుంది. వారు పాత ధరలకే కొంటారు. చివరికి భద్రాచలం ఏజెన్సీ సంతకు చేరేసరికి ఉప్పు, నూనె, గుడ్డ ధరలు ముందే ఎక్కి కూర్చుంటాయి. కోయవాడు తెచ్చిన ఇప్పపువ్వు, చింతపండు, చిల్లగింజలు, తప్సి జిగురు మాత్రం నిన్నటి ధరకే పోతాయి. తునికాకు సంగతి మరీ స్పష్టం. 1971 చట్టంతో దాని వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. యాభై ఆకుల కట్టకు కూలి ఏ వేసవికి ఆ వేసవి నిర్ణయమవుతుంది. ఏడాది మధ్యలో ధరలు ఎంత ఎక్కినా కట్ట రేటు కదలదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కొనుగోలు ధర ప్రకటించి సంత మోసానికి కొంత అడ్డుకట్ట వేసింది, అది ఒప్పుకోవాలి. కాని ప్రకటించిన ధర మీద ఆధారపడినవాడు ఎప్పుడూ ధరల పరుగులో ఒక అడుగు వెనుకే ఉంటాడు.

ఇందులో మన వర్తకుల పాత్ర కూడా చెప్పకుండా వదలడం న్యాయం కాదు. వానాకాలంలో ధాన్యం అప్పిచ్చి కోతల్లో ధాన్యంగానే ఒకటికి ఒకటిన్నర కొలిపించుకునే నాగు పద్ధతి ఉన్నదే, అందులో అప్పిచ్చినవాడికి ద్రవ్యోల్బణం అంటదు. అంతా తీసుకున్నవాడి మీదే పడుతుంది. 1940లలో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్, వ్యాపారుల బాకీల కింద వారు ఎలా నలిగారో రాసిపెట్టాడు. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కావాలన్న 1960 రెగ్యులేషను ఊరికే రాలేదు.

పుస్తకంలో లాభం, కొట్టులో నష్టం

ఇప్పుడు మన సొంత పెట్టె దగ్గరికి వద్దాం. ధరలు పెరిగే రోజుల్లో వర్తకుడు లాభపడతాడని లోకం అనుకుంటుంది. వర్తకుడూ అనుకుంటాడు. లెక్క వేయండి.

ఒక కొట్టులో వంద డబ్బాల నూనె ఉన్నది, డబ్బా కొన్న ధర రు. 100. పెట్టుబడి రు. 10,000. డబ్బా రు. 120కి అమ్మితే చేతికి వచ్చేది రు. 12,000. పుస్తకంలో లాభం రు. 2,000. ఇంటి ఖర్చుకు, పన్నుకు రు. 1,500 పోయింది. మిగిలింది రు. 10,500. పెట్టుబడి పెరిగిందని సంతోషమే. కాని టోకు బజారులో డబ్బా ఇప్పుడు రు. 125. పదివేల ఐదువందలకు వచ్చేవి 84 డబ్బాలే. వంద డబ్బాల కొట్టు ఎనభై నాలుగు డబ్బాల కొట్టు అయింది, పైగా ఆ కనబడని నష్టం మీద పన్ను కూడా కట్టాడు. నాలుగేళ్ళు ఇలాగే నడిస్తే కొట్టు సగమవుతుంది, పుస్తకం మాత్రం ఏటా లాభం చూపిస్తుంది. 1974 లాంటి ఏడాదుల్లో చిన్న కొట్లను తినివేసేది దొంగ కాదు, ఈ లెక్క. ఉద్దెర ఎక్కువ ఇచ్చే కొట్టుకు దెబ్బ ఇంకా పెద్దది. మూడు నెలల తరువాత వచ్చే రు. 120 నేటి రు. 120 కాదు కదా.

బంగారం, బ్యాంకు, బస్తా, భూమి

బంగారం లెక్క ఆసక్తికరం. పది గ్రాములు 1970లో సుమారు రు. 184. 1980లో సుమారు రు. 1,330. పదేళ్ళలో ఏడు రెట్లు. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం అమలులో ఉన్నా ఆగలేదు. ఆ చట్టం 1990లో పోయింది. ఈ పదేళ్ళు చూసినవాళ్ళు బంగారాన్ని మించింది లేదని పిల్లలకు చెప్పారు. తరువాతి ఇరవై ఏళ్ళు చూడండి: 2000లో పది గ్రాములు సుమారు రు. 4,400. ఇరవై ఏళ్ళలో మూడు రెట్ల పైచిలుకు మాత్రమే. అదే కాలంలో వినియోగ ధరల సూచీ అయిదు రెట్లు దాటింది. అనగా 1980లో కొని 2000లో అమ్మినవాడు నిజంగా నష్టపోయాడు. నూటికి పది చొప్పున చక్రవడ్డీకి బ్యాంకులో వేసినవాడి సొమ్ము ఆ ఇరవై ఏళ్ళలో 6.7 రెట్లయింది, పన్ను మాట వేరు. ఆ తరువాత మళ్ళీ బంగారం వంతు: 2020లో సగటున రు. 48,000 దాటింది, 2025 ఏప్రిల్‌లో మొదటిసారి లక్ష తాకింది. కొన్న ఏడాది ఏదో అడగకుండా బంగారం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. 1974 నాటి బ్యాంకు డిపాజిటుదారుకు వడ్డీ నూటికి పదికి మించలేదు, ధరలు ఇరవై అయిదు పెరిగాయి. దానికీ ఇదే మాట.

బస్తాల్లో దాచుకుందామంటే 2017 గుర్తున్నది కదా. అంతకు ముందు సీజనులో క్వింటాలు పన్నెండు వేల దాకా చూసిన మిర్చి, ఆ ఏప్రిల్‌లో మూడు వేలకు దిగింది. ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కాంటాలను పగలగొట్టింది. తరువాత రైతులకు సంకెళ్ళు వేసిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ సీజనులో నూటికి రెండు వడ్డీతో రైతులకు అడ్వాన్సులిచ్చిన అడ్తీదారుకు వడ్డీ మాట అటుంచి అసలుకే ఎసరు వచ్చింది. ఏటా ఇరవై నాలుగు శాతమని కాగితం మీద కనబడే వడ్డీలో, పంట పోయిన ఏడాది రాని బాకీ కూడా కలిసి ఉన్నదని మరువరాదు. నిత్యావసర సరుకులైతే నిల్వ పరిమితి ఉత్తర్వు ఏ రోజైనా రావచ్చు.

నగదు పెట్టెలో ఉంచుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1946 జనవరి, 1978 జనవరి 16, 2016 నవంబరు 8. చివరిసారి చలామణీ విలువలో నూటికి 86 పాళ్ళు ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది, అదీ పత్తి రాబడి మొదలైన రోజుల్లో.

భూమి మాట కొంచెం జాగ్రత్తగా వినాలి. ఖమ్మం చుట్టుపక్కల భూమి ద్రవ్యోల్బణాన్ని తట్టుకున్న మాట నిజమే. దానితో కొందరు పాల్వంచ, ఇల్లెందు, భద్రాచలం వైపు చవక భూముల మీద కన్నేస్తారు. ఆ చవకకు కారణం ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతంలో 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలైన 1/70 రెగ్యులేషను ప్రకారం గిరిజనేతరుడి పేరుకు జరిగే బదిలీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. అక్కడి భూమి మొదట గిరిజనుడిదేనని చట్టం ఊహిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుకున్నవాడిది. 1988లో సుప్రీంకోర్టు ఈ రెగ్యులేషను చెల్లుతుందని తీర్పు చెప్పింది. కనుక తెల్లకాగితం మీద కొన్న ఏజెన్సీ ఎకరం కంటే చిరిగిన పది రూపాయల నోటే నయం. నోటును బ్యాంకు మార్చి ఇస్తుంది. ఇది న్యాయమైన కట్టడి కూడాను. మన సొమ్ము కాపాడుకోవడానికి కోయవాడి చేను దొరకకూడదనే ఆ గీత గీశారు.

ఖాతాలో ఒక పేజీ

నేను సూచించగలిగినది చిన్న పని. కొత్త ఖాతా పుస్తకం తెరిచిన రోజున చివరి పేజీ ఒకటి విడిచిపెట్టండి. అందులో రూపాయలు రాయవద్దు. మీ మొత్తం సొమ్ముకు, సరుకు, రోకడి, బ్యాంకు, బంగారం, వసూలయ్యే బాకీలు అన్నీ కలిపి, ఆ రోజు ఎన్ని క్వింటాళ్ళ బియ్యం వస్తాయో, ఎన్ని డబ్బాల నూనె వస్తుందో, ఎన్ని రోజుల హమాలీ కూలి వస్తుందో మూడు గడులలో రాయండి. రాని బాకీలను కలపవద్దు. కలపాలనిపిస్తే సగానికి కోసి కలపండి. మరుసటి ఏడాది అదే రోజున కింద ఇంకొక వరుస. ఒక్క గడి తగ్గితే అది ఆ సరుకు సంగతి. మూడు గడులూ కలిసి తగ్గితే నోట్ల సంగతో, ఇంటి ఖర్చు సంగతో, ఉద్దెర సంగతో వెతకాలి. సాధారణంగా ఉద్దెర దగ్గర మొదలుపెట్టడం మంచిది.